అప్పిచ్చువాడు దేనిని తాకట్టు పట్టవచ్చును?

సుమతీ శతకకర్త కాపురముండదగిన యూరికి ఏవేవి కావలెనో లెక్కించుచు, అప్పిచ్చువానిని వైద్యునికంటెను, ఎండని యేటికంటెను ముందు నిలిపెను. ఈ వరుసను చూచి నవ్వుకొనువారు కలరు గాని, పల్లె బ్రదుకు నెరిగినవారు నవ్వరు. విత్తనము నేలబడిన నాటికిని పంట యిల్లు చేరిన నాటికిని నడుమ, సరకు కొనిన సంతకును దానిని అమ్మిన సంతకును నడుమ, మనుష్యుడు భుజింపవలెను, పిల్లలను పోషింపవలెను. ఆ నడిమి కాలపు భారమును ఎవరో ఒకరు మోయవలెను. మోయువాడే అప్పిచ్చువాడు. వాడు లేనిచోట పేదవాని పనితనము చేతిలోనే యుండిపోవును, అంగడి యెక్కదు.

అయినను అప్పును నిప్పుతో పోల్చినదియు మన తెలుగు నోరే. వైద్యునికి ముందు లెక్కింపబడినవాడే ఇంటికి చిచ్చు పెట్టువాడు ఎట్లాయెను? వడ్డీ రేటులోనే ఆ తేడా యున్నదని సాధారణముగా చెప్పుదురు. అది నిజమే గాని సగము నిజము. తక్కిన సగము మరియొక ప్రశ్నలో దాగియున్నది. తన సొమ్ము తిరిగి వచ్చుననుటకు హామీగా అప్పిచ్చువాడు పేదవానియొద్ద దేనిని పట్టుకొనుచున్నాడు? చిన్న వ్యాపారులకును చేతిపనివారికిని పెట్టుబడి సమకూర్చుటను గూర్చి ప్రభుత్వములును, బ్యాంకులును, సేవాసంస్థలును, మన సంఘములలోని స్త్రీల పొదుపు గుంపులును ఇంతగా ఆలోచించుచున్న కాలములో, ఈ ప్రశ్నను విడువక అడుగుట మనకు విధి.

భాషాంతరీకరణ పనిలో నున్నవానికి మాటలే మొదటి సాక్షులు. తెలుగులో ఎరవు వేరు, చేబదులు వేరు, అప్పు వేరు. పొరుగింటినుండి తెచ్చుకొని, వాడుకొని, ఆ వస్తువునే తిరిగి ఇచ్చునది ఎరవు. పత్రము లేక, వడ్డి లేక, వట్టి మాటమీద నాలుగు దినములకు పుచ్చుకొనునది చేబదులు. గడువును వడ్డియు కూడిన వ్యవహారము అప్పు. ఈ మూటికిని మూలమైనది పరపతి. సహకార పరపతి సంఘమనునప్పుడు ఆ మాటకు అప్పు పుట్టుట యని యర్థము. ఫలానా వానికి ఊరిలో పరపతి కలదనునప్పుడు నమ్మకము, గౌరవము అని యర్థము. పాశ్చాత్యులు వాడు క్రెడిట్ అను మాటయు లాటిను భాషలో నమ్ముట యను ధాతువునుండియే పుట్టినది. విశ్వాస ప్రమాణము లాటినులో ఏ మాటతో ఆరంభమగునో, ఆ 'క్రేదో' అను మాటకు అది తోబుట్టువు. హెబ్రీ భాషలో వడ్డికి వాడబడిన 'నెషెక్' అను మాట మాత్రము కరచుట యను ధాతువునకు చెందినది. పాము కాటునకు వాడునదియు ఆ ధాతువే. కావున భాషలే మన చేతికి ఒక తక్కెడ నిచ్చుచున్నవి. ఒక వైపున నమ్మకము, రెండవ వైపున కాటు. ప్రతి అప్పును ఇందులో తూచి చూడవచ్చును.

ఈ తక్కెడతో, తెలుగు నేలకు సరిహద్దుననున్న బీజాపూరు జిల్లాను చూతము. 2007లో దంతెవాడ జిల్లానుండి విడదీయబడిన ఈ జిల్లా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దక్షిణ బస్తరులో నున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము ఇచటి ప్రజలు 2,55,230 మంది. వారిలో నూటికి 80 మంది షెడ్యూల్డు తెగలవారు. అక్షరాస్యత నూటికి 41 మాత్రమే. హైదరాబాదునుండి వరంగల్లు, ఏటూరునాగారము మీదుగా వచ్చు 163వ జాతీయ రహదారి గోదావరిని దాటి ఈ జిల్లాలోని భోపాలపట్నమునకు చేరును. ఆ ప్రాంతపు సంతలలో తెలుగు మాట వినబడును. మిరపకాయ కోతల కాలమున ఇచటివారు అనేకులు తెలంగాణ చేలకు కూలికి వచ్చుచుందురు. మన కూరలోని కారమును కోసిన చేతులు వారివి. కావున వారు మనకు పరాయివారు కారు.

ఈ జిల్లాలో వ్యాపారమనగా ముందుగా వారపు సంతయే. అడవిలో ఏరిన ఇప్పపువ్వు, ఇప్పగింజలు, చింతపండు, సారపప్పు, తునికాకు అనునవి ఇంటి రాబడికి ఆధారములు. ఇప్పపువ్వు వేసవి మొదట రాలును. తెల్లవారకమునుపే స్త్రీలును పిల్లలును గంపలతో చెట్ల క్రిందికి పోయి, ఏరి తెచ్చి, ఎండబెట్టుదురు. ఆ దినములలో అందరి గంపలును ఒకేసారి నిండును. అందరును ఒకేసారి సంతకు పోవుదురు. కావున ధర పడిపోవును. వానకాలమున ఇంటిలో గింజలు నిండుకొనినప్పుడు ఆ పువ్వునకే ధర హెచ్చును. వేసవిలో అమ్మినవారే వానలో హెచ్చు ధరకు కొనుటయు కలదు. చింతపండును గింజతో అమ్మిన ఒక ధర. గింజ తీసి దిమ్మగా కట్టి అమ్మిన మరియొక ధర. సారపప్పు పట్టణపు మిఠాయి అంగడిలో మిక్కిలి ప్రియము. బస్తరు సంతలలో దానిని ఉప్పునకు మారకముగా ఇచ్చిన కాలము కలదు.

ఇందులో ఏరువారి సోమరితనము గాని తెలివితక్కువ గాని యేమున్నది? వారికి లేనివి మూడు: సరకు నిలువచేసికొనుటకు పొడిచోటు, ధర పెరుగువరకు ఇల్లు గడుపుకొనుటకు కొద్దిపాటి రొక్కము, గింజ తీయుటకు పొట్టు తీయుటకు పనిముట్టు. ఈ మూడును లేనివారికి దగ్గర దిక్కు కోచియా యని పిలువబడు చిల్లర వర్తకుడు. అతడు ముందుగా ఉప్పో, నూనెయో, రొక్కమో ఇచ్చును. సరకు వచ్చినప్పుడు తన ధరకు తన తక్కెడతో పుచ్చుకొనును. అతనిని దుష్టునిగా మాత్రమే చూచుట న్యాయము కాదు. దారి లేని పల్లెకు ఉప్పు మోసికొనివచ్చువాడు అతడే. జ్వరము వచ్చిన రాత్రి చేతిలో సొమ్ము పెట్టువాడును అతడే. అతని వ్యవహారములో వడ్డి యను మాటయే వినబడకపోవచ్చును. అయినను అతడు పట్టుకొనిన తాకట్టు చాల పెద్దది. ఏరినవాడు తన సరకును తనకిష్టమైనవానికి, తనకిష్టమైన వేళ అమ్ముకొను స్వేచ్ఛయే ఆ తాకట్టు.

ఈ నేలకు మరియొక గాయమును కలదు. 2005లో సల్వాజుడుం ఈ ప్రాంతమున మొదలైన తరువాత అనేక గ్రామములు ఖాళీ అయినవి. కొందరు రహదారి ప్రక్క శిబిరములకును, కొందరు అడవిలోనికిని, కొందరు సరిహద్దు దాటి ఖమ్మము జిల్లాకును పోయిరి. పలుచోట్ల సంతలు మూతపడినవి. గిరిజన యువకులకు ఆయుధములిచ్చి ప్రత్యేక పోలీసులుగా ఆ పోరులో నియోగించుట రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. సంత యనగా ఒకరినొకరు ఎరుగనివారు కూడ భయము లేక తక్కెడకు ఇరువైపుల నిలువగల చోటు. ఆ నమ్మకము చెడినచోట ఎంత రొక్కము పంపినను వ్యాపారము లేవదు. పెట్టుబడిని గూర్చి మాటలాడువారు ఈ సంగతి మరువరాదు.

ఇప్పుడు ధర్మశాస్త్రమును విందము. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము అప్పిచ్చువానికి హద్దులు గీయుచున్నది. తాకట్టు పుచ్చుకొనుటను అది పూర్తిగా నిషేధింపలేదు. కాని ధాన్యము విసరు తిరుగలిని గాని, దాని పైరాతిని గాని ముట్టరాదని చెప్పి, అట్లు పట్టుకొనుట ప్రాణమునే పట్టుకొనుటయని కారణము చూపెను. పేదవాని పైబట్టను తాకట్టుగా పుచ్చుకొనినయెడల ప్రొద్దు గుంకునప్పటికి తిరిగి ఇయ్యవలెను. మరియు అప్పిచ్చినవాడు తాకట్టు కొరకు ఎదుటివాని యింటిలో అడుగు పెట్టరాదు, వెలుపలనే నిలిచియుండవలెను, ఇంటివాడే దానిని తెచ్చి ఇయ్యవలెను.

ఈ మూడు హద్దులలో ఒకే తలంపు కలదు. తిరుగలి యున్నచో పిండి. పిండి యున్నచో రొట్టె. రొట్టె యున్నచో పని. పని యున్నచో అప్పు తీర్చు శక్తి. తిరుగలిని లాగికొనినవాడు తన సొమ్ము తిరిగి రాకుండ తానే చేసికొనుచున్నాడు. పైబట్ట దేహమునకు ఎట్లో, గడప గౌరవమునకు అట్లు. అప్పు పుచ్చుకొనిన దినమున పేదవాడు తన గౌరవమును అమ్ముకొనలేదు. ఈ న్యాయముచొప్పున నేటి కుట్టుమిషను, మగ్గము, తోపుడుబండి, పాడిగేదె మొదలైనవన్నియు తిరుగళ్లే.

అయితే తిరుగలి కూడ లేనివానియొద్ద దేనిని పట్టుకొందురు? 1976లో బంగ్లాదేశమున చిట్టగాంగునకు దగ్గరనున్న జోబ్రా గ్రామములో, ముహమ్మద్ యూనుస్ అను అర్థశాస్త్ర ఆచార్యుడు 42 మందికి మొత్తము 27 డాలర్లకు సమానమైన సొమ్ము అప్పిచ్చెను. అచట వెదురు పీటలు అల్లు స్త్రీలు వెదురు కొరకు వర్తకునియొద్ద అప్పుపడి, అల్లిన పీటలను అతడు చెప్పిన ధరకు అతనికే ఇచ్చుచుండిరి. బీజాపూరు సంతలోని కథయే అచటను. ఆ పని 1983లో గ్రామీణ్ బ్యాంకుగా స్థిరపడి, 2006లో నోబెల్ శాంతి బహుమానము పొందెను. ఆస్తి తాకట్టు లేకుండ, అయిదుగురు చొప్పున గుంపులు కట్టించి, ఒకరి క్రమమును ఒకరు కనిపెట్టునట్లు చేయుట ఆ పద్ధతి. ఆస్తి లేనివారికిని పరపతి కలదని లోకమునకు చూపిన గొప్ప కార్యమది.

కాని గుంపు పద్ధతి తొందర లాభమును కోరువారి చేతిలో పడినప్పుడు దానిలోని ప్రమాదము బయటపడెను. 2000వ సంవత్సరము తరువాత ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మఋణ సంస్థలు అతివేగముగా పెరిగినవి. ఒకే స్త్రీకి పలు సంస్థలు అప్పులిచ్చినవి. వారము వారము కిస్తు కట్టవలెను. ఒకామె కట్టలేనప్పుడు తక్కిన సభ్యురాండ్రు ఆమె గడపలో కూర్చుండిరి. సంస్థ ఉద్యోగి మాటకంటె పొరుగామె మాట లోతుగా దిగెను. ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసెను. సంస్థలు నమోదు కావలెననియు, వసూలు పంచాయతీ కార్యాలయము వంటి బహిరంగ స్థలముననే జరుగవలెననియు, వడ్డి అసలును మించరాదనియు, బలవంతపు వసూలు నేరమనియు అది విధించెను. దానితో వసూళ్లు కుప్పగూలినవి. బ్యాంకులు ఆ సంస్థలకు సొమ్మిచ్చుటకు వెనుదీసినవి. నిజముగా చిన్న పెట్టుబడి కావలసిన వారికిని ఆ ద్వారము మూయబడెను.

ఇచట జరిగినదానిని జాగ్రత్తగా చూడవలెను. తాకట్టు లేదని చెప్పబడిన ఆ అప్పులో ఒక తాకట్టు ఉండెను. పొరుగుతనమే ఆ తాకట్టు. ప్రసవవేళ పిలిచిన పలుకు పొరుగామె, పది రూపాయలు చేబదులిచ్చు చేయి, తల్లి పనికి పోయినప్పుడు బిడ్డను కనిపెట్టు కన్ను, ఇవియే ఏమియు లేని స్త్రీకి తిరుగలి. ఆ తిరుగలితోనే ఆమె దినదినము తన బ్రదుకును విసరుకొనుచుండును. దానిని పట్టినవాడు ప్రాణమునే పట్టినవాడు. ధర్మశాస్త్రము గడప దాటవద్దనెను. అప్పిచ్చినవాడు తాను దాటక, పొరుగువారిని దాటించెను.

దీనికి న్యాయమైన ఆక్షేపణ ఒకటి కలదు. ఏ హామీయు లేకుండ ఎవరు అప్పిత్తురు? బ్యాంకులోని సొమ్ము బ్యాంకుది కాదు. పింఛను పుచ్చుకొను ఉపాధ్యాయునిది, కూతురి పెండ్లికై కూడబెట్టిన రైతుది. చిన్న అప్పునకును పెద్ద అప్పునకును లెక్కలు వ్రాయు శ్రమ ఇంచుమించు ఒక్కటే. కావున చిన్న అప్పునకు ఖర్చు హెచ్చు. ఒకడు ఎగవేసిన, తరువాత అడుగబోవు పేదవానికి తలుపు తెరువబడదు. ఈ మాటలు కొట్టివేయదగినవి కావు. జాన్ కాల్విన్ 1545లో వ్రాసిన లేఖలో వడ్డిని పూర్తిగా నిషేధింపలేదు. అయితే పేదవానియొద్ద వడ్డి తీయరాదనియు, అప్పు పుచ్చుకొనినవాడు ఆ సొమ్ముతో సంపాదించునది అప్పిచ్చినవాని లాభమునకు తక్కువ కారాదనియు హద్దులు పెట్టెను. అనగా ఆకలి అప్పు వేరు, వ్యాపారపు అప్పు వేరు. మరియు తీర్చగలిగియు తీర్చనివాడు పొరుగువానిని దోచినవాడే. ఇందులో వివాదము లేదు. తీర్చగోరియు తీర్చలేనివానియొద్ద దేనిని ముట్టక విడువవలెననునదే మన ప్రశ్న.

పొరుగువారు ఒకరికొకరు పూచీపడుటయే తప్పని కూడ చెప్పరాదు. 19వ శతాబ్దమున జర్మనీలో ఫ్రీడ్రిక్ రైఫైజెన్ అను ప్రొటెస్టెంటు భక్తుడు, గ్రామీణ పాలనాధికారి, స్థాపించిన పరపతి సంఘములలో సభ్యులు తమ ఆస్తి యంతటితో ఒకరి అప్పునకు ఒకరు బాధ్యులై యుండిరి. వాటిని గూర్చి ఫ్రెడరిక్ నికల్సన్ 1895లో మద్రాసు ప్రభుత్వమునకు నివేదిక సమర్పించెను; 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. 1992లో నాబార్డు ఆరంభించిన స్వయం సహాయక సంఘముల పద్ధతియు ముందు పొదుపు, తరువాత అప్పు అను క్రమమును పాటించెను. వీటిలో గుంపు సభ్యులదే. మొదటి సొమ్ము వారిదే. ఎవరికి ఎంత ఇయ్యవలెననునదియు, కష్టము వచ్చినప్పుడు గడువు పెంచుటయు వారి చేతిలోనిదే. గుంపు పరుల చేతి పనిముట్టైనచోట ఈ అధికారమేదియు దానికి లేదు. భయమును పంచుకొనుట మాత్రమే దాని వంతు. పూచీ యను పేరు రెంటికి ఒక్కటే గాని, ఒకటి నమ్మకము వైపున తూగును, రెండవది కాటు వైపున తూగును.

పొరుగువాని నిజమైన స్థానమేదో రాజుల రెండవ గ్రంథము 4వ అధ్యాయములోని విధవరాలి చరిత్ర చూపుచున్నది. ఋణదాత ఆమె యిద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనుటకు వచ్చెను. ఎలీషా ఆమె చేతిలో రొక్కము పెట్టలేదు. ఇంటిలో ఏమి యున్నదని యడిగెను. కొంచెము నూనె యున్నది. పొరుగువారియొద్ద వట్టి పాత్రలను ఎరవు తెచ్చుకొమ్మనెను. పాత్రలు నిండిన తరువాత, నూనె నమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో పిల్లలతో కూడ బ్రదుకుమనెను. ఇందులోని అద్భుతమును మనము తరచుగా ధ్యానించుచున్నాము. ఇందులోని క్రమమును అంతగా గమనింపము. ఆమెకు ముందే యున్నదానితో పని ఆరంభమాయెను. పొరుగువారు ఆమె గుమ్మమున కావలి కూర్చుండలేదు, పాత్రలిచ్చిరి. నూనె పాత్రలున్నంత మేరకే నిండెను.

బీజాపూరునకు కావలసినది ఈ పాత్రలే. 2018 ఏప్రిల్ 14న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఈ జిల్లాకు వచ్చి వన్ ధన్ పథకమును ప్రారంభించెను. జాంగ్లాలో ఒక బ్యాంకు శాఖయు ఆనాడు తెరువబడెను. మొదటి వన్ ధన్ వికాస కేంద్రమునకు శిక్షణ, పనిముట్లు, కట్టడముల నిమిత్తము 43.38 లక్షల రూపాయలు నిర్ణయింపబడెను. చింతపండు దిమ్మలు చేయుట, ఇప్పపువ్వు నిలువచేయుట, సారపప్పు శుభ్రపరచి పొట్లములు కట్టుట, వీటిలో 300 మందికి శిక్షణ నిచ్చుట దాని ఉద్దేశము. పొడిచోటు, పనిముట్టు, నేర్పు అనునవి చేరినప్పుడే రొక్కపు అప్పు మేలు చేయును. ఇవి లేక ఇచ్చిన రొక్కము పాత్ర లేని నూనె వలె నేలపాలగును. ఏ పథకమునైనను తెరచిన దినపు ఉత్సవమును బట్టి గాక, వానకాలమున ఆ కొట్టులో ఏరినవారి పువ్వు ఎంత నిలిచియున్నదో చూచి తూచవలెను.

చట్టమును కొంత దూరము వచ్చినది. 2015లో మొదలైన ముద్ర పథకము ఆస్తి తాకట్టు లేకుండ చిన్న వ్యాపారులకు అప్పిచ్చుటకు ఏర్పడినది. దానిలో మొదటి మెట్టు 50,000 రూపాయల వరకు. రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశముల ప్రకారము, సంవత్సరమునకు 3 లక్షల రూపాయలవరకు ఆదాయము గల కుటుంబములకు ఇచ్చు సూక్ష్మఋణమునకు తాకట్టు ఉండరాదు. ఆ కుటుంబము కట్టు కిస్తులన్నియు కలిసి నెలసరి ఆదాయములో సగమును మించరాదు. తిరుగలి ధర్మము చట్టపు భాషలో మరల పలికినట్లున్నది. అయితే ఇప్పపువ్వు ఏరువానికి నెలసరి ఆదాయమెక్కడిది? అతనికి ఋతువు ఆదాయము కలదు. ఆ సంగతి కాగితమునకు తెలియదు. ఊరిలో నుండు మనుష్యునికి తెలియును. కావున చట్టము చేయలేని పని మనుష్యులకు మిగిలియున్నది.

చదువరులారా, మనలో అనేకులము ఏదో ఒక పొదుపు గుంపులోనో, సంఘ సహాయ నిధిలోనో, బ్యాంకు కొలువులోనో ఉన్నవారము. పేదవానికి దానము చేయుట సులభము. అతనిని నమ్మి అప్పిచ్చి, అతని పనిలో తోడు నిలుచుట కష్టము. మధ్యయుగపు యూదా పండితుడైన మైమోనిదీసు దానధర్మముల మెట్లను లెక్కించుచు, ఒకనికి అప్పిచ్చియో పనిలో భాగస్వామిగా చేర్చుకొనియో తన కాళ్లమీద నిలుపుటను అన్నిటికి పై మెట్టున ఉంచెను. ఆ మెట్టెక్కగోరువారు నాలుగు సంగతులు పాటింపవలెను. అప్పిచ్చునప్పుడే ఋతువును అడిగి, రాబడి వచ్చు కాలమునకు కిస్తును కట్టవలెను. పనిముట్టును ఏ కారణముచేతను లాగికొనరాదు. వసూలునకు పోయినప్పుడు గడప వెలుపలనే నిలువవలెను. పొరుగువారిని లోపలికి పంపరాదు. నాలుగవది కష్టమైనది: నష్టములో కొంత పాలు తమదిగా ముందే లెక్క వేసికొని, దాని నిమిత్తము కొంత సొమ్ము ప్రక్కన పెట్టవలెను. ఏ నష్టమునకును సిద్ధపడనివాడు సొమ్మిచ్చెను గాని నమ్మలేదు.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో మన పాపములకు ఋణములను పేరు కలదు. ఆ ప్రార్థనను ప్రతి దినము చేయువారు ఋణస్థుని చూచు చూపు వేరుగా నుండవలెను. తీర్పరియైన దేవుడు మనయొద్ద ఏమి పట్టుకొనక విడిచెనో తలంచుకొనినవాడు, తన ఋణస్థుని తిరుగలిమీద చేయి వేయజాలడు. సంవత్సరాంతమున మన గుంపుల లెక్కలు సరిచూచునప్పుడు, ఎంత వసూలైనదని వ్రాసిన పుటకు ఎదుటి పుటలో, అప్పు పుచ్చుకొనినవారిలో ఎందరి పని ఇంకను సాగుచున్నదో, ఎందరు పొరుగువారితో మాటలాడుకొనుచున్నారో అదియు వ్రాసికొందము. ఆ రెండు పుటలును కలిపి చదివినప్పుడే లెక్క పూర్తియగును.